ఇంట్లో అడిగి చెబుతా

గాంధీబొమ్మ సెంటర్లో ఆ ఫ్లెక్సీ కట్టి వారమైంది. మీరూ చూసే ఉంటారు. కుర్చీకి కట్టేసిన అమ్మాయి, చెవి దగ్గర ఫోనూ కళ్ళలో నిప్పులూ ఉన్న ఖాకీ హీరో, వెనకాల ఎర్రంకెల గడియారం, అట్టడుగున సన్నక్షరాల్లో 'వాస్తవ సంఘటనల ఆధారంగా'. ఎక్కడి సంఘటన, ఏం వాస్తవం అని అడక్కండి. కల్తీ నెయ్యి డబ్బా మీద ఆవు బొమ్మ ఎంత వాస్తవమో ఇదీ అంతే.

మా తోటల్లో పూత నిలిచినా నిలవకపోయినా, బందీల సినిమాలు మాత్రం విరగకాస్తున్నాయి. బ్యాంకు, బస్సు, బడి, మాల్, ఆస్పత్రి, విమానం అన్నీ అయిపోయాయి. రైతుబజారు ఒక్కటే ఇంకా స్వేచ్ఛగా ఉన్నట్టుంది.

పోనీలే అనుకునేవాణ్ణే. మా అన్నయ్య కొడుకు ఉన్నాడు, ట్రిపుల్ ఐటీలో చదువుతున్నాడు. మొన్న అరుగు మీద కూర్చుని, "బాబాయ్, నెగోషియేషన్ అంటే నీకు తెలీదులే, అదో పెద్ద సైన్సు" అన్నాడు. ముప్పై ఏళ్ళుగా మామిడికాయ అమ్ముకుంటున్నవాడితో! ఒళ్ళు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు.

సినిమాలో బేరమాడే ఆఫీసరు ఏం చేస్తాడు? ఫోనెత్తుతాడు. అవతలివాడికి ఏం కావాలో వినడు. "నువ్వు నలభై మందిని పట్టుకున్నావ్, నేను నిన్ను పట్టుకున్నా" అంటాడు. ఠక్కున ఫోన్ పెట్టేసి నల్లద్దాలు పెట్టుకుంటాడు. బయట ఈలలు. లోపల నలభై మంది ప్రాణాలు ఆ ఒక్క పంచ్ డైలాగు మీద వేలాడుతున్న సంగతి డైరెక్టరుకూ పట్టదు, ఆఫీసరుకూ పట్టదు. మా మార్కెట్లో ఇలా మాట్లాడినవాడికి కాయ సంగతి దేవుడెరుగు, టెంక కూడా ఎవరూ అమ్మరు.

అసలు ఈ బేరాల విద్యను పోలీసులకు నేర్పినవాళ్ళలో మొదటివాడు హార్వే ష్లాస్‌బర్గ్. న్యూయార్క్ పోలీసు డిటెక్టివ్, పైగా సైకాలజీలో డాక్టరేటు. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌లో బందీలను విడిపించబోయి జర్మన్ పోలీసులు ఒక్కర్నీ దక్కించుకోలేకపోయారు. ఆ దెబ్బతో మరుసటి ఏడే న్యూయార్క్‌లో బేరగాళ్ళ దళం తయారైంది. వాళ్ళ సూత్రాలు వింటే మీకు నిద్రొస్తుంది. తొందరపడకు. అవతలివాణ్ణి మాట్లాడనీ. గంటలు గడిచేకొద్దీ తుపాకీ పట్టుకున్నవాడికీ ఆకలేస్తుంది, కాళ్ళు లాగుతాయి, కోపం చల్లారుతుంది. కాలం పోలీసుల పక్షం. ఇక అసలు సూత్రం: మాట్లాడేవాడు నిర్ణయం తీసుకోకూడదు, నిర్ణయం తీసుకునేవాడు మాట్లాడకూడదు. ఎందుకయ్యా అంటే, ఏదడిగినా "పైవాళ్ళని అడిగి చెబుతా" అనడానికి.

ఇది నేర్చుకోడానికి అమెరికా వెళ్ళాలా? "ఇంట్లో అడిగి చెబుతా" అనే మాట ఎరగని గడప మన జిల్లాల్లో ఉందా? పశువుల సంతలో మా నాన్న తుండుగుడ్డ కింద వేళ్ళు పట్టుకుని బేరం దాదాపు తెగ్గొట్టేవాడు. ఆఖరి క్షణంలో చెయ్యి వెనక్కి తీసుకుని, "మా ఆవిడ ఒప్పుకోవాలి" అనేవాడు. మా అమ్మ జన్మలో ఎద్దు ధర అడిగి ఎరగదు. కానీ ఆవిడ కనపడకుండానే ప్రతి సంతలోనూ వందా రెండొందలు తగ్గించేది. పొలం కొన్నా, సంబంధం కుదిర్చినా అంతే. మాట్లాడేది మేనమామ, నిర్ణయించేది లోపల దడి వెనక ముసలమ్మ.

మామిడి మండీలో దళారి దగ్గరా ఇదే విద్య. ధర అడగండి, "పై పార్టీని కనుక్కోవాలండీ" అంటాడు. ఆ పై పార్టీ ఎక్కడో ఉత్తరాదిలో ఉంటుంది. ముప్పై ఏళ్ళలో ఒక్కసారి కూడా నా కంటపడలేదు. దేవుడి మీదైనా అనుమానం రావచ్చు గానీ పై పార్టీ మీద రాకూడదు. ఈలోగా తూకంలో తరుగు, ఆపైన కమీషను. అన్నిటికీ మించి కాలం. పోలీసు బేరంలో కాలం ఎవరి పక్షమో చెప్పాను. ఇక్కడ అది దళారి పక్షం. రసాలు కోశాక నా దగ్గర ఉండేది రెండు మూడు రోజులు. కాయ మాగుతుంటుంది, ఆయన ఫోన్ ఎత్తడు. బందీని నేనే లారీలో ఎక్కించి, కిరాయి ఇచ్చి మరీ పంపిస్తాను. ఇంతటి కిడ్నాప్ ఏ సినిమాలో చూశాడో మావాణ్ణి చెప్పమనండి.

ఆ ఎర్రంకెల గడియారం ఒకటి! అసలు బేరగాడు గడువులో సగం భోజనం మాటలతోనే గడిపేస్తాడు. లోపలికి ఎన్ని పొట్లాలు పంపాలి, నీళ్ళ సీసాలు ఎవరు పట్టుకెళ్ళాలి, బదులుగా చంటిపిల్లల తల్లిని వదులుతారా? గడువు ఈలోగా తనంతట తనే దాటిపోతుంది. ఇది తీస్తే థియేటర్లో జనం కుర్చీలు చింపుతారట. చింపనివ్వండి.

మిగతావి ఒక్కో ముక్కలో. వీణలు చేసే ఊరు మాది. ఈ సినిమాల్లో మోగేది మాత్రం ఆద్యంతం గుండెదడ ఒక్కటే. 1973 ఆగస్టులో స్టాక్‌హోమ్ బ్యాంకులో ఆరు రోజులు బందీలుగా చిక్కుకున్నవాళ్ళలో ఒకామె స్వీడన్ ప్రధాని ఓలోఫ్ పాల్మేతో ఫోన్లో, దొంగలకంటే మీ పోలీసులంటేనే భయంగా ఉందని మొత్తుకుంది. మనవాళ్ళకు అందులోంచి అర్థమైంది, ఎత్తుకొచ్చిన అమ్మాయి మూడో పాటకల్లా ప్రేమలో పడుతుందని. కిడ్నాపుల విషయంలో నిజాయతీగా ఉన్న తెలుగు సినిమా 1993లో వచ్చిన 'మనీ'. భార్యను ఎత్తుకెళ్ళారని ఫోనొస్తే మొగుడు లోలోపల పండగ చేసుకుంటాడు.

'వాస్తవ సంఘటనల'ట. కావాలంటే నేను చెబుతాను, రాసుకోండి.

1987 డిసెంబర్ 27. తూర్పు గోదావరి మన్యం, గుర్తేడు. గిరిజనుల పనులు చూసి వస్తున్న అధికారులను పీపుల్స్‌వార్ వాళ్ళు పట్టుకుపోయారు. ఏడుగురు ఐఏఎస్‌లు, వాళ్ళలో ఎస్.ఆర్. శంకరన్. అప్పుడు ముఖ్యమంత్రి ఎవరు? ఎన్టీ రామారావు. మా కృష్ణా జిల్లావాడు (అప్పటికి మా నూజివీడూ కృష్ణాలోనే ఉంది, ఏలూరుకు 2022లో పంపారు). తెర మీద ఎన్ని కోటల్లోకి ఒంటిచేత్తో చొరబడ్డాడో లెక్కలేదు. అంతటి హీరో కుర్చీలో కూర్చుని చేసిందేమిటి? జైల్లో ఉన్న నక్సలైట్లను వదిలి అధికారులను వెనక్కి తెచ్చుకున్నాడు. తెలివైన పని చేశాడంటాను. ఆ శంకరన్, పదేళ్ళ తర్వాత పౌరస్పందన వేదిక పెట్టి, తనను ఎత్తుకెళ్ళినవాళ్ళతోనే ప్రభుత్వం కూర్చుని మాట్లాడాలని ఏళ్ళ తరబడి తిరిగాడు. 2004లో చర్చలంటూ జరిగాయంటే ఆ తిరుగుడు లేకుండా జరగలేదు. ఈయన మీద సినిమా తీస్తామన్న నిర్మాతను ఒక్కణ్ణి చూపించండి.

2011 ఫిబ్రవరిలో 'గగనం' వచ్చింది, విమానం హైజాక్ కథ. అదే నెల 16న ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టరు వినీల్ కృష్ణను మావోయిస్టులు నిజంగానే ఎత్తుకెళ్ళారు. మా దగ్గర కలెక్టరంటే కాయ పేరు కూడా కాబట్టి, ఎత్తుకెళ్ళారనగానే ఒకాయన తోట కాపలావాణ్ణి తిట్టాడు. నవ్వుకున్నాం. మర్నాడు పేపర్లో, కలెక్టర్ని వదిలిపెట్టమని అక్కడి ఆదివాసీలే రోడ్డెక్కారని చదివాక నవ్వు రాలేదు. బేరానికి కూర్చున్నది ప్రొఫెసర్ హరగోపాల్, సోమేశ్వరరావు. నల్లద్దాలు లేవు. 24న కలెక్టరు ఇంటికొచ్చాడు.

ఏడాది తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా. 2012 ఏప్రిల్ 21న కలెక్టరు అలెక్స్ పాల్ మీనన్‌ను పట్టుకెళుతూ, ఆయన అంగరక్షకులిద్దర్ని అక్కడే చంపేశారు. ఆ ఇద్దరూ ఎవరి పిల్లలో, వెనక ఎవరున్నారో ఎవడికి పట్టింది? సినిమాలోనూ మొదటి రీల్లో చచ్చేది వాళ్ళలాంటివాళ్ళే, జూనియర్ ఆర్టిస్టులు. పేరుండదు, శవం మీంచి కెమెరా దాటిపోతుంది. చంపినవాళ్ళ మీద నాకు ఎంత కోపమో, ఆ చావును టైటిల్స్ కింద బొమ్మగా వాడుకునేవాళ్ళ మీదా అంతే కోపం. ఆ కలెక్టరుకు ఉబ్బసం. మందులు అడవిలోకి పట్టుకెళ్ళింది మనీష్ కుంజామ్ అనే ఆదివాసీ నాయకుడు. మావోయిస్టుల తరఫున మాట్లాడినవాళ్ళలో హరగోపాల్‌తో పాటు బి.డి. శర్మ, ఒకప్పుడు బస్తర్‌కే కలెక్టరుగా చేసిన పెద్దాయన. ప్రభుత్వం తరఫున నిర్మలా బుచ్, ఎస్.కె. మిశ్రా, రిటైరైన అధికారులు. నలుగురు ముసలివాళ్ళు బల్ల చుట్టూ కూర్చుని మాట్లాడింది దేని గురించి? జైళ్ళలో ఏళ్ళ తరబడి విచారణ లేకుండా పడి ఉన్న ఆదివాసీల కేసుల గురించి. మీ సినిమాల్లో డిమాండ్ అంటే విలన్ తమ్ముణ్ణి వదలడం, లేదా హెలికాప్టర్. విచారణ ఖైదీ అనే మాట మీ స్క్రిప్టుల్లో ఒక్కసారైనా పలికిందా? పలకదు. బోర్ కొడుతుంది. ఆ బోర్ వల్లే మే 3న ఒక మనిషి బతికి బయటికొచ్చాడు.

ఇదంతా మావాడికి చెప్పాను. నోరు మూసుకుని విన్నాడు, అదే సంతోషం. చివరికి, "కథ బావుంది బాబాయ్, మరి ఇంటర్వెల్ ఎక్కడ?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపు మండీ నుంచి ఫోన్. నిన్నటికంటే ధర తగ్గించి చెప్పాడు. పై పార్టీ అంతకుమించి ఇవ్వనందట. "ఇంట్లో అడిగి చెబుతా" అన్నాను. మా ఆవిడ పక్కనే నిలబడి, షెడ్డులో కాయ అప్పుడే రంగు తిరుగుతోందని సైగ చేసింది.