మా రోజుల్లో దాన్ని నడక అనేవాళ్ళు

మా మనవరాలు పోయిన నెల టాప్‌స్లిప్ వెళ్ళొచ్చింది. పొళ్ళాచ్చి దాటి, ఆనైమలై ఎక్కి, అక్కణ్ణించి పండారవరై దాకా అడవిలో నడిచొచ్చిందట. వచ్చిన మర్నాడు తొట్టి దగ్గర కూచుని, పాత పళ్ళబ్రష్షుతో షూ కిందున్న గాడులన్నీ తోముతోంది. ఒక్కో గాడిలో ఒక్కో రంగు మన్ను. ఆ షూ ధర చెప్పింది. మీ తాత మిల్లులో చేరిన కొత్తలో ఆ డబ్బుంటే ఏడాది సంసారం గడిచేదే అన్నాను. అది నవ్వి, "హైకింగ్ అంటే అంతే అవ్వా, కాళ్ళు జాగ్రత్తగా చూసుకోవాలి" అంది.

మా రోజుల్లో దాన్ని నడక అనేవాళ్ళు. నిజానికి ఆ పేరు కూడా పెట్టలేదు. ఊపిరి పీల్చడానికి పేరు పెడతారా? సూలూరులో మిల్లు సంగు ఊదేసరికి సగం ఊరు రోడ్డు మీదుండేది. మగవాళ్ళు మిల్లుకి, మేము చేలకి. నల్లరేగడిలో కంబోడియా పత్తి. ఏరేటప్పుడు వంగి నడవాలి, ఒడి నిండాక వెనక్కి వాలి నడవాలి, సాయంత్రం మూట నెత్తినెట్టుకుని మెడ బిగబట్టి నడవాలి. మూడు రకాల నడక, ఒకటే జత కాళ్ళు. ఇంటికొచ్చాక పెద్దచెరువు గట్టు మీద బర్రెను తోలుకు రావడం వేరే లెక్క. అది విహారం కింద వచ్చేది.

అసలు నడకంటే పళని. 1968లో తైపూసానికి నేను నడిచాను. పెళ్ళయి మూడేళ్ళు, పిల్లాణ్ణి మా అత్త దగ్గర వదిలేసి. పల్లడం, తారాపురం మీదుగా నూరు కిలోమీటర్లకు అటూ ఇటూ. చెప్పులు వేసుకోకూడదు. పగలు చింతచెట్ల కింద పడుకుని, చల్లబడ్డాక నడిచేవాళ్ళం. నా నెత్తిన గంప. అందులో అటుకులు, బెల్లం, పులుసన్నం మూట, అడుగున ఆముదం సీసా. రెండో రాత్రికి అరికాళ్ళు బొబ్బలెక్కాయి. మా మేనత్త దీపం దగ్గర పెట్టి, సూదిలో ఆముదంలో తడిపిన దారం ఎక్కించి, బొబ్బలోంచి ఇటునించి అటు లాగి దారం అందులోనే వదిలేసింది. నీరంతా దారం వెంట కారిపోయింది. తెల్లారేసరికి మళ్ళీ నడిచాను. మూడో రాత్రి తోవ మలుపు తిరగ్గానే దూరాన కొండమీద దీపాలు గాల్లో వేలాడుతున్నట్టు కనబడ్డాయి. గుంపంతా అరోహరా అని ఒక్క కేక. నాకు మాత్రం గొంతు పెగల్లేదు. అది భక్తి అని మా మేనత్త అందరికీ చెప్పింది. భక్తి కాదు. పుట్టి బుద్ధెరిగాక మూడు రోజులు పొయ్యి ముట్టించకుండా గడపడం నాకదే మొదలు.

ఆ మాట ఇన్నాళ్ళకి రాస్తున్నాను. అప్పుడు ఎవరితో అంటాను?

మాకు కూతవేటు దూరంలో కలంగల్. అక్కడ 1893లో పుట్టినాయన గురించి ఈ జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. జి.డి. నాయుడు. మనవాడే, ఇంట్లో తెలుగే. మూడో తరగతితో బడికి దండం పెట్టినవాడు, 1920లో పొళ్ళాచ్చికీ పళనికీ మధ్య ఒక్క బస్సు వేసి మొదలుపెట్టి, మోటార్లు చేసి, యూరప్ తిరిగి, 1936లో అయిదో జార్జి రాజు అంత్యక్రియలు తన కెమెరాతో సినిమా తీసుకొచ్చాడు. గొప్పవాడు, కాదనను. ఆయన మీద పుస్తకాలున్నాయి, సినిమా ఉంది, కోయంబత్తూరులో మ్యూజియం ఉంది. ఆయన బస్సు వేసిన పళనికి వట్టికాళ్ళతో నడిచిన ఆడవాళ్ళలో ఒక్కత్తె పేరు చెప్పండి చూద్దాం. నాకూ తెలియవు, మా మేనత్త పేరు తప్ప.

ఇప్పుడు కొండెక్కాలంటే కంప్యూటర్లో టిక్కెట్టు కొనాలి. 2024 అక్టోబరు నుంచి తమిళనాడు అడవిశాఖ వాళ్ళే 14 జిల్లాల్లో 40 దారులు పెట్టారు. డబ్బు కడితే వెంట మనిషిని పంపుతారు. సినిమాకి సీటు పట్టుకున్నట్టు కొండ పట్టుకుంటున్నారే అని వెక్కిరించాను. అది షూ తోమడం ఆపి, "కురంగణి గుర్తులేదా అవ్వా?" అంది. గుర్తులేకేం. 2018 మార్చి, తేని జిల్లా. కొండెక్కినవాళ్ళు దిగుతుంటే ఎండుగడ్డికి మంట అంటుకుంది. ఇరవై మందికి పైగా పోయారు, ఎక్కువమంది ఆడపిల్లలు. మన పక్కనున్న ఈరోడు, తిరుప్పూరు నుంచి వెళ్ళినవాళ్ళూ ఉన్నారు. ఆ వారమంతా నేను దీనికి ఫోన్ చేసి, కొండలకి పోనని ఒట్టు వేయించుకున్నాను. ఒట్టు తీసి గట్టున పెట్టింది. పోనీ, వెంట మనిషి ఉన్నాడు కదా అనుకుంటాను ఇప్పుడు. ఈ ఒక్క విషయంలో ఈ కాలాన్ని ఏమీ అనను.

కానీ మా ఆడవాళ్ళకి టిక్కెట్టు కాదు, తోవే మూసేశారు. వెళ్ళియంగిరి ఉందిగా, ఏడు కొండలు. మాఘ ఫాల్గుణాల్లో మా ఇంటి మగవాళ్ళందరూ పూండి దగ్గర వెదురుకర్ర కొనుక్కుని రాత్రికి రాత్రి ఎక్కి, మర్నాడు ఇంటికొచ్చి ఆ కర్ర వసారాలో మూలకి నిలబెట్టేవాళ్ళు. జారుడుబండ, చప్పట్లు కొడితే నీళ్ళొస్తాయనే ఊట, విభూతిలాంటి తెల్లమన్ను, ఇవన్నీ నేను విన్నవే. ఈడొచ్చిన ఆడది ఆ కొండ ఎక్కకూడదని కట్టు. ముట్లుడిగాక ఎక్కచ్చు. అప్పటికి మోకాళ్ళు ఉడుగుతాయి. మా వసారాలో తొమ్మిది కర్రలు జమయ్యాయి. వాటితో నేను చేసిన పనల్లా పందిరి వేసి పొట్లతీగ పాకించడం.

సరే, చదువు సంగతి. ఈ పిల్ల అలమారాలో మూడు వందల పుస్తకాలు. అందులో నడక మీద ఇంగ్లీషు పుస్తకాలే ఒక అర. నా చదువంతా ఒక బొమ్మ దగ్గర మొదలైంది. మేము ఇంట్లో తెలుగు, బడిలో తమిళం. తెలుగు అక్షరం ఊళ్ళో ఏ గోడ మీదా లేదు. మా మేనమామ మద్రాసులో పని. వచ్చినప్పుడల్లా అంబులిమామ తెచ్చేవాడు. ఒకసారి పొరపాటున చందమామ తెచ్చాడు. 1947 జులైలో రెండూ కలిసే పుట్టాయి కదా, లోపల కథలవే, బొమ్మలవే. భుజాన శవాన్ని వేసుకున్న విక్రమార్కుడు రెండు పుస్తకాల్లోనూ ఉన్నాడు. రెంటినీ పక్కపక్కన పరిచి, తమిళంలో పేరు ఎక్కడుందో తెలుగులో అక్కడే వెతికి, వేలు పెట్టి ఒక్కో అక్షరమే పట్టుకున్నాను. ఏడాది పట్టింది. ఒకటి మాత్రం మింగుడు పడలేదు. తమిళంలో ఉన్నది ఒక్క క. తెలుగులో క, ఖ, గ, ఘ. ఒక్కటి చాలకపోతుందా, ఇన్నెందుకు దండగ అనుకునేదాన్ని.

ఆ దండగ అక్షరాలతోనే తర్వాత దొరికినవన్నీ చదివాను. నాయని కృష్ణకుమారిగారి 'కాశ్మీర దీపకళిక' చదివినప్పుడు మా వంటింటి పొగలో మంచు వాసన తగిలింది. ఆవిడ కవి నాయని సుబ్బారావుగారి కూతురు, జానపద గేయగాథల మీద పరిశోధన చేసి తెలుగు విశ్వవిద్యాలయానికి ఉపాధ్యక్షురాలైన మనిషి. ప్రయాణం చేయడమే కాదు, చేసినదాన్ని అక్షరాల్లో కూచోబెట్టడం తెలిసిన మనిషి. అంతకు ఎంతో ముందటిది పోతం జానకమ్మ సంగతి. 1873లో మద్రాసులో ఓడెక్కి ఇంగ్లండు చూసొచ్చి, ముందు తెలుగులో రాసి, 1876లో దాన్నే ఇంగ్లీషులో పుస్తకం వేసింది. సముద్రం దాటిన ఆడదానికి అప్పుడు ఎన్ని నోళ్ళు లేచి ఉంటాయో ఊహించుకోగలను. నేను తారాపురం దాటినందుకే మా ఆడబిడ్డ ఆర్నెల్లు మాట్లాడలేదు.

అన్నిటికంటే కొండపల్లి కోటేశ్వరమ్మగారి 'నిర్జన వారధి'. 1918లో పుట్టిన మనిషి, 2012లో తన కథ అచ్చు వేసుకుంది. తొంభై దాటాక! బాల్యంలో వైధవ్యం, మళ్ళీ పెళ్ళి, ఉద్యమం, అజ్ఞాతవాసం, భర్త వదిలి వెళ్ళడం, నడివయసులో బడికెళ్ళి మెట్రిక్ చదవడం, కాకినాడలో హాస్టలు మేట్రన్ ఉద్యోగం, కడుపున పుట్టినవాళ్ళని పోగొట్టుకోవడం. ఇంత జరిగితే నేనైతే ఊరంతా వినేలా ఏడ్చేదాన్ని. ఆవిడ పక్కింటావిడకి చెప్పినట్టు చెప్పింది. ఆ పుస్తకం మా మనవరాలు తమిళంలో చదివింది, 'ఆళట్ర పాలం' అని. నేను తెలుగులో చదివిన మనిషిని అది తమిళంలో చదివి, ఇద్దరం ఒకే పేజీ దగ్గర కళ్ళు తుడుచుకున్నాం. చందమామ, అంబులిమామ మళ్ళీ పక్కపక్కన.

ఇప్పుడు స్వీయచరిత్ర రాయడానికీ క్లాసులున్నాయి. మనవరాలు రెండ్రోజులు వెళ్ళొచ్చింది. మొదటి వాక్యం గాలంలా ఉండాలట, గాయం దగ్గర మొదలుపెట్టాలట. దానికి ఇరవై ఆరేళ్ళు, షూ కరిచిన గాయం తప్ప దాని ఒంటిమీద నాకేదీ కనబడదు. అయినా టాప్‌స్లిప్ మీద పదిహేడు పేజీలు రాసింది. చదివించుకున్నాను. ఏనుగు దూరంగా కనబడటం మూడు పేజీలు, తన మనసులో మాట పన్నెండు పేజీలు. హ్యూగో వుడ్ అనే దొర సమాధి అక్కడుందని రెండు పేజీలు. అవే బాగున్నాయి. నరికిన దూలాల్ని కొండమీంచి జార్చేవాళ్ళు కాబట్టి ఆ చోటికి టాప్‌స్లిప్ అని పేరొచ్చిందట. ఆ నరికేసిన అడవిలో ఈ దొర చేతికర్రతో నేలలో బెజ్జం చేస్తూ, జేబులోంచి టేకు గింజ వేస్తూ నడిచేవాడని చెప్పుకుంటారు. అదీ నడకంటే! పేజీలు ఖరాబు చేయకుండా అడవే రాసిపెట్టి పోయాడు. ఈ మాట అంటే పిల్ల మూతి ముడుచుకుంది. నా నోరు మంచిది కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు.

అంటాను గానీ, నా దగ్గరా నాలుగు నోటుబుక్కులున్నాయి. మా ఆయన పోయాక రాత్రుళ్ళు రాసుకున్నవి. ఒక అచ్చాఫీసుకి పంపితే, డబ్బు కడితే వేస్తాం, రెండు వందల కాపీలు మీరే కొనుక్కోవాలి అన్నారు. కొనుక్కుని ఎవరికిస్తాను? ఈ ఊళ్ళో మా చుట్టాలందరూ తెలుగు మాట్లాడతారు, ఒక్కరూ చదవరు. నా కొడుక్కే రాదు. ఇంట్లో బీరువా మీద పెట్టినా తాళం వేసినంత భద్రం. మా కోడలు ఒకసారి దాన్ని పాల లెక్క అనుకుని పాతపేపర్లవాడికి వేయబోయింది.

అందుకని మనవరాలు ఒక ఉపాయం చెప్పింది. నేను చదువుతుంటే అది తెలుగు మాటల్నే తమిళ అక్షరాల్లో రాస్తుంది. ఆదివారం మధ్యాహ్నం వసారాలో కూచున్నాం. పళని నడకతో మొదలుపెట్టాను. మధ్యలో ఊరి వైమానిక స్థావరంనుంచి తేజస్ విమానం లేచింది. సూలూరులో అది లేచిందంటే మాటలు ఆపి అది పోయేదాకా చూడటమే, మా అందరికీ అలవాటే. రెండు గంటల్లో నాలుగు పేజీలయ్యాయి. సాయంత్రం మావాడు వచ్చి, కాఫీ తాగుతూ ఆ కాగితాలు పైకి చదవడం మొదలుపెట్టాడు.

"నెత్తిన కంప పెట్టుకుని..." అని ఆగాడు. "ముళ్ళకంపా? మొక్కా?"

"గంపరా," అన్నాను.

తల గీరుకుని చదువుతూ పోయాడు. మేనత్త సూది, దారం, బొబ్బలు. కొంచెం సేపు వాడు నా పాదాల వంక చూశాడు. మళ్ళీ కాగితంలోకి వంగి, పేజీ తిప్పి, కళ్ళజోడు సర్దుకున్నాడు.

"అమ్మా, ఇదేంటి? మూడు రోజులు నడిచి, అందరం కలిసి కుడికి వెళ్ళాం అని ఉంది. పళనిలో తాగారా మీరంతా?"