వాజ్ కాదు, వర్!

ఆదోనిలో మా పక్కింట్లోనే స్పోకెన్ ఇంగ్లీషు ట్యూషన్. కిటికీ మూసినా వినబడుతుంది: "ఐ విష్ ఐ వర్ ఎ బర్డ్!" పొద్దున అదే, మాపటేళ అదే. ఉగ్గాని తినేటప్పుడు బజ్జిలో మిరపకాయ కంటే ముందు ఆ 'వర్' నషాళానికి అంటుతోంది.

రూలేమంటే, ఇప్పుడు లేనిది కావాలంటే క్రియ నిన్నటికి పోవాలంట. నిన్న జరగనిదానికి ఏడవాలంటే ఇంకో మెట్టు దిగి 'హ్యాడ్' తగిలించాలంట. మన పక్క వానొస్తే బాగుండు, వానొచ్చింటే బాగుండు, అంతే. ముసలవ్వ కూడా తప్పు పోదు, ఫీజూ కట్టదు. చేయాల్సినోడు చేయకుండా విసిగిస్తుంటే మాత్రం 'వుడ్' అంట. తుంగభద్ర దిగువ కాలువ చివర పొలమున్నోళ్లకు ఆ ఒక్క ముక్క చాలు, మిగతా వ్యాకరణం దండగ. 2024 ఆగస్టులో గొలుసు తెగి డ్యాం 19వ గేటు కొట్టుకుపోయినప్పుడు 'హ్యాడ్' కూడా పనికొచ్చిందిలే.

అసలు నా కోపం ఆ పక్షి మీద. ఏ పక్షి? పుస్తకం చెప్పదు. ఆదోనిలో పక్షినై నేనేం చేయాల? మార్కెట్ యార్డు మీద ఎగిరితే రెక్కల నిండా దూది. రణమండల కొండ మీద వాలితే ఎండకు కాళ్లు బొబ్బలు. ఎమ్మిగనూరుకు ఎగిరిపోతే బస్సు చార్జీ, నడుమూ రెండూ మిగులుతాయి, ఒప్పుకుంటా. పోయి? మాచాని సోమప్ప 1938లో పెట్టిన చేనేత సంఘంతో ఆ ఊరికి పేరొచ్చింది. పక్షికి దుప్పటెందుకు? నీలకంఠేశ్వరుని జాతరలో బొరుగులు ఏరుకోవచ్చు, సరే. జాతర అయిపోయినాక? ముక్కుతో మిరపకాయ బజ్జి తినే యోగం ఎట్లాగూ లేదు.

మొన్న ఆ ట్యూషన్ పిల్లోడొకడు గోడ మీంచి నోటుబుక్కు చాపినాడు. "తాతా, ఇది తప్పా?"

"ఐ విష్ మై మదర్ వాజ్ హియర్." 'వాజ్' చుట్టూ ఎర్ర సున్న.

కోసిగి పక్క పిల్లోడు, ఇక్కడ అవ్వ దగ్గర ఉంటాడు. అమ్మానాయనా సుగ్గికి పోయినారు, గుంటూరు దిక్కు మిరప కోతలకు. ట్యూషన్ ఫీజు కూడా ఆ కూలి డబ్బులే. వానొచ్చింటే, కాలువ పారింటే వాళ్లు ఇంట్లోనే ఉందురు. ఏటా ఊళ్లకు ఊళ్లు తాళాలేసి పోతాయి. మా చిన్నప్పుడూ పోయేవాళ్లు. ఇన్నేండ్లలో మేం ఏం చేసినట్టు?

ఇంగ్లీషు దొరలే మామూలు మాటల్లో 'వాజ్' అంటారని చెప్పడానికి సారు దగ్గరికి పోయినా.

"అనుకోనీ పెద్దాయనా," అన్నాడాయన. "పరీక్షలో పోయే అర మార్కు వాళ్లిస్తారా, మీరిస్తారా?"