గాలి తీసెయ్యండి, చేతిబ్రేకు లాగండి

కోనసీమ పుంతల్లో క్యాంపర్ వ్యాను తోలేవారికి నేను చెప్పే సలహాలు తలకిందులుగా అనిపిస్తాయి. అయినా నమ్మి చెబుతున్నాను. ఈకో, ట్రావెలర్ లాంటి బళ్లని నెట్టేది వెనక చక్రాలే. అందుకని నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, బియ్యం మూట వెనక ఇరుసు దగ్గరికి సర్దండి.

ఓడలరేవు, అంతర్వేది వైపు ఇసుక దారుల్లోకి దిగేముందు టైర్లలో మూడో వంతు గాలి తీసెయ్యండి. టైరు వెడల్పుగా పరుచుకుంటుంది. ఊపుతో దాటేద్దామని తొక్కితే మాత్రం చక్రం తన గొయ్యి తనే తవ్వుకుంటుంది.

లంకల్లో ఒండ్రు మట్టి వేరు. ఒక్క వాన పడితే టైరు గాళ్లన్నీ బంకతో పూడి చక్రం నున్నటి ముద్దవుతుంది. గాలి తీసినా లాభం లేదు, వెళ్లొద్దు. దాళ్వా కోతలై, కాలవలు కట్టేశాక రండి. సార్వా దమ్ముల రోజుల్లో ట్రాక్టర్లు పుంతల్ని ఎలాగూ దున్నేస్తాయి.

దిగబడితే? ఒక వెనక చక్రం గిర్రున తిరుగుతూ, రెండోది కదలకుండా ఉంటుంది. బ్రేకు ముట్టుకోవద్దని చుట్టూ చేరినవాళ్లు అరుస్తారు. ముట్టుకోండి. డిఫరెన్షియల్ రెండు చక్రాలకీ బలం సమానంగానే పంచుతుంది. జారే చక్రానికి ఎంత తక్కువ సరిపోతే రెండోదానికీ అంతే అందుతుంది. చేతిబ్రేకు రెండు మూడు క్లిక్కులు లాగి, మొదటి గేరులో మెల్లగా యాక్సిలరేటర్ ఇవ్వండి. జారేదానికి బరువు తగిలి, రెండోది పట్టు అందుకుంటుంది. కదలగానే బ్రేకు వదిలెయ్యాలి. చక్రాల కింద కొబ్బరి మట్టలు వేస్తారు గానీ, తడిస్తే జారతాయి, వెనక్కి ఎగిరి కాళ్లకి తగులుతాయి. కొబ్బరి డొక్కలే మేలు, పీచు పైకుండేలా పరవండి. వ్యాను వెనక ఎవర్నీ నిలబడనివ్వకండి.

కాలవగట్టు మీద ఎదర ట్రాక్టరొస్తే మర్యాదకి అంచుకి దిగొద్దు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచీ ఈ గట్ల పని నీళ్లని ఆపడం, బళ్లని మొయ్యడం కాదు. పైన ఎండి పగుళ్లిచ్చినా అంచు లోపల నానే ఉంటుంది. వంతెన దాకా వెనక్కి తోలండి. ‘కాస్త ఆగండి’ అని చెయ్యూపితే ‘ఆయ్, రండి’ అంటారు, ఎవరూ తప్పుపట్టరు.

216 జాతీయ రహదారి ఎక్కేముందు గాలి మళ్లీ నింపాలి. తక్కువ గాలితో వేగంగా పోతే టైరు వేడెక్కి పగులుతుంది. వ్యానులో పంపు లేనివాళ్లు అసలు గాలే తియ్యొద్దు.