అట్టలున్న చందమామ

పాతకాలపు బొమ్మల పత్రికలను, కామిక్సును, సినిమా పోస్టర్లను చదువుకోవడానికి గాక దాచుకోవడానికి వెతికే మనిషి ప్రపంచమంతటా ఉన్నాడు. అమెరికాలో అతని వ్యసనం పెద్ద వ్యాపారంగా స్థిరపడింది. 1938లో పది సెంట్లకు అమ్మిన సూపర్‌మ్యాన్ తొలి కామిక్ ప్రతి ఒకటి 2014లో 32 లక్షల డాలర్లకు పలికింది, సంచిక ఎంత చెక్కుచెదరకుండా ఉందో చూసి పదికి ఇన్ని మార్కులని వేసి, ప్లాస్టిక్ పెట్టెలో సీలు చేసి ఇచ్చే సంస్థలు సైతం వెలిశాయి. తెలుగునాట ఈ జాతికి అటువంటి అండ లేదు; ఉన్నదల్లా ఒక అటక, రెండు ట్రంకుపెట్టెలు, గుప్పెడు కలరా ఉండలు, వీటన్నిటినీ ఏళ్ల తరబడి సహిస్తూ వస్తున్న ఒక ఇల్లాలు. ఈ జాతిలోని శాఖలన్నిటిలోకీ లక్షణాలు స్పష్టంగా బయటపడేది పాత చందమామల సేకర్తలలో కనుక ప్రస్తుత పరిశీలన ముఖ్యంగా వారికే పరిమితమవుతుంది.

ఈ సేకర్త సాధారణంగా యాభై దాటినవాడు, బ్యాంకులోనో విద్యుత్తు శాఖలోనో పైసా తేడా రాకుండా లెక్కలు చూసి పదవీ విరమణ చేసినవాడు లేదా చేయబోతున్నవాడు, తన చొక్కా ఇస్త్రీ గురించి బొత్తిగా పట్టించుకోకపోయినా ఇతరుల వేళ్ల శుభ్రత విషయంలో అతి జాగ్రత్త కలవాడు. బాల్యంలో చందమామ అతని ఇంటికి వచ్చేది కాదన్నది గమనించదగ్గ సంగతి. అది పక్కింటికో కరణంగారింటికో వచ్చేది, చీకటి పడేలోగా తిరిగి ఇచ్చేయాలన్న షరతు మీద అతని చేతికి అందేది. పైగా అందులోని ధారావాహిక, అంటే మాంత్రికుడు కత్తి ఎత్తిన చోటనో పడవ సుడిగుండంలో చిక్కుకున్న చోటనో ఆగిపోయి మిగతా కథను వచ్చే నెలకు వాయిదా వేసే కథ, పక్కింటివారు సరిగ్గా ఆ వచ్చే నెలలోనే బదిలీ మీద వెళ్లిపోవడం వల్ల అతనికి శాశ్వతంగా సుడిగుండంలోనే మిగిలిపోయేది. ఇంటి నిండా చందమామలున్నవారు పెద్దయ్యాక వాటిని చిత్తుకాగితాలవాడికి తూకానికి వేశారు. అరువు తెచ్చుకుని చదివినవాడే ఇప్పుడు కిలోల లెక్కన పోయినవాటిని ఒక్కొక్కటిగా, వందల రూపాయలు పోసి, వెనక్కి తెచ్చుకుంటున్నాడు.

అతని వేటకు నియత స్థలాలున్నాయి. హైదరాబాదులో ఆదివారం దుకాణాలు మూసి ఉన్నప్పుడు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాలు, విజయవాడలో ఏలూరు రోడ్డు లెనిన్ సెంటర్ దగ్గరి పాత పుస్తకాల దుకాణాలు అతనికి పుణ్యక్షేత్రాలతో సమానం. అక్కడ అతను అనుసరించే పద్ధతిని బేరశాస్త్రంలో నిర్లిప్తాభినయం అనవచ్చు, అనగా కావలసిన వస్తువు మీద చూపు నిలపకుండా అక్కరలేనివాటిని ఆరా తీయడం. పెళ్లిచూపుల్లో పిల్లను వదిలేసి గోడగడియారం ఎక్కడ కొన్నారని అడిగే వరుడిలా, అతను మొదట గ్రూప్-2 గైడు ఒకటి తీసి తిరగేసి, దాని ధర అడిగి, తరవాత వంటల పుస్తకాన్ని పరామర్శించి, చిట్టచివరికి చెయ్యి జారి తగిలినట్లుగా 1958 నాటి చందమామను తాకుతాడు. ఈ నాటకాన్ని అమ్మేవాడు ఇంతకుముందు చాలాసార్లు చూశాడు. “గైడు ఇరవై, వంటలది ముప్ఫై, మీరు చూడనట్టు చూస్తున్నది ఆరు వందలు సార్” అని అతను అన్నప్పుడు, తన అభినయానికి భంగం కలగకుండా ఉండేందుకు సేకర్త మూడూ కొంటాడు. యాభై ఎనిమిదేళ్ల వయసులో ఏ పోటీ పరీక్షకూ అర్హత లేని మనిషి ఇంట్లో గ్రూప్-2 గైడ్లు ఒక వరస నిండా ఉండటానికి కారణం ఇదే.

ఈ రంగంలో 'కంప్లీటు' అనే మాటకు ప్రత్యేకార్థం ఉంది. ముందు అట్ట, వెనక అట్ట, నడిమి పేజీలు, ప్రెస్సులో కొట్టిన అసలు పిన్నులు, తుప్పు పట్టినా సరే, యథాస్థానంలో ఉన్న సంచికను మాత్రమే కంప్లీటు అంటారు. కథలన్నీ ఉండి అట్ట లేకపోతే దానిని 'చదువుకునే కాపీ' అని, గొంతు కాస్త తగ్గించి, చెబుతారు. ఈ కొలమానం ప్రకారం సేకర్తకు చారిత్రక శత్రువు ఎవరయ్యా అంటే, చందమామను చందమామలాగే వాడుకున్న పిల్లవాడు. అట్ట మీద తన పేరూ తరగతీ రాసి, 'ఈ పుస్తకం దొంగిలించినవాడు గాడిద' అని కింద హెచ్చరిక చేర్చినవాడు, రాజకుమారికి సిరాతో మీసాలు పెట్టినవాడు, ఫోటో వ్యాఖ్యల పోటీలో, అంటే అచ్చువేసిన రెండు ఫోటోలకు జంటగా అతికే వ్యాఖ్యలు రాసి పోస్టుకార్డు మీద పంపే పోటీలో, నచ్చిన ఫోటోను కత్తిరించి గోడకు అంటించుకున్నవాడు, బెల్లం తింటూ పేజీలు తిప్పినవాడు, వీరందరూ సేకర్త దృష్టిలో సంస్కృతీ విధ్వంసకులు. ఈ తర్కాన్ని చివరిదాకా తీసుకువెళితే, ఏ పిల్లవాడూ ముట్టుకోని ప్రతే అన్నిటికంటె విలువైనదని తేలుతుంది. పిల్లలు ముట్టుకోవడానికే పుట్టిన పత్రిక విషయంలో ఇది ఇబ్బందికరమైన సిద్ధాంతం గనుక సేకర్త దాని జోలికి పోడు.

పిల్లవాడికంటె ప్రమాదకారి బైండరు. పూర్వం శ్రద్ధగల కుటుంబాలలో పన్నెండు సంచికలను కలిపి ఏడాదికొక కాలికో బైండు చేయించేవారు. కాలికో అంటే అట్ట మీద అతికించే ముతక గుడ్డ. బైండరు మొదట ముఖచిత్రాలను అడ్డమని చింపేసేవాడు, పిన్నులు పీకి కుట్టేవాడు, చివరగా కట్టనంతటినీ కటింగు మిషనులో పెట్టి మూడు వైపులా అంచులు సమంగా కోసేవాడు. పేజీ చివరిదాకా పాకిన బొమ్మల్లో ఈ కోతకు ఏనుగుల తోకలు, కోటల బురుజులు, వాటితో పాటు మూలన ఉన్న చిత్రకారుడి సంతకమూ పోయేవి. కథలను చెదలనుంచి, చేతులనుంచి అత్యుత్తమంగా కాపాడిన ప్రక్రియే బొమ్మలను అత్యధికంగా నష్టపరచిందన్నమాట. పాత ఇంట్లో ఇరవై ఏళ్ల బైండ్లున్నాయని కబురందిన సేకర్త పరుగున వెళ్లి, మొదటి బైండు తెరిచి, అట్టలు లేవని చూసి, ఇంటివారు ఇచ్చిన కాఫీని మాట లేకుండా తాగి వచ్చేయడం ఈ శాఖలో పదే పదే జరిగే విషాదం.

సంతకానికి అంత ప్రాముఖ్యం రావడానికి కారణం ఉంది. 1947 జులైలో బి. నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసు నుంచి ప్రారంభించిన ఈ పత్రికలో కథలకు చాలావరకు రచయితల పేర్లు ఉండేవి కావు. 1952 నుంచి 1980లో మరణించేవరకు దానిని తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావు గాని, 'తోకచుక్క', 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం' వంటి జానపద ధారావాహికలు రాసిన దాసరి సుబ్రహ్మణ్యం గాని ఆనాటి బాలపాఠకుడికి పేరుతో పరిచయం కాలేదు. బొమ్మ మూలన మాత్రం 'చిత్ర' అనో 'శంకర్' అనో 'వ.పా.' అనో ఉండేది. అక్షరాలు కూడబలుక్కునే వయసులో పిల్లలు మొదట గుర్తుపట్టిన పేర్లు ఇవే గనుక, తెలుగువారి ఒక తరానికి రచయితకంటె ముందు చిత్రకారుడు తెలిశాడన్నది సేకర్త చేసే వాదనల్లో ఒప్పుకోదగినది.

చిత్ర అసలు పేరు టి.వి. రాఘవన్, ధారావాహికల్లోని మాంత్రికులకు, వికృతాకారులకు, శిథిల దుర్గాలకు రూపమిచ్చినవాడు అతనే. వ.పా. అనే రెండక్షరాల వెనక ఉన్నది 1921లో శ్రీకాకుళంలో పుట్టిన వడ్డాది పాపయ్య. నీటిరంగుల్లో అతను వేసిన ముఖచిత్రాల్లో నగల ధగధగ, వలువల మడతలు చూసి నిట్టూర్చనివాడికి ఈ జాతిలో సభ్యత్వం దొరకదు. కె.సి. శివశంకరన్ 'శంకర్' అనే సంతకంతో వేసిన బేతాళ కథల బొమ్మ, అంటే దూసిన కత్తితో, భుజం మీద శవంతో శ్మశానంలో నడిచే విక్రమార్కుడి బొమ్మ, ఈ వర్గానికి దాదాపు ధ్వజచిహ్నం. శంకర్ 2020లో 96 ఏళ్ల వయసులో కన్నుమూశాక 2021లో పద్మశ్రీ ప్రకటించినప్పుడు సేకర్తలు దానిని తమకు వచ్చిన బిరుదుగా స్వీకరించి మిఠాయిలు పంచారు, మనిషి ఉండగా ఇవ్వనందుకు అదే నోటితో తిట్టారు కూడా.

సంతకం మీద బొటనవేలు ఉంచి ఇది ఎవరి బొమ్మో చెప్పమనడం వీరిలో ప్రచారంలో ఉన్న పరీక్ష. అనుభవజ్ఞుడు ముఖాన్ని చూడడు. చెట్టు ఆకులను, గుర్రం గిట్టలను, రాతి మెట్ల పగుళ్లను చూసి తీర్పు చెబుతాడు. అచ్చు గురించి అతనికి ఇంకా గట్టి అభిప్రాయాలున్నాయి. పాత బ్లాకు అచ్చులో రంగుకొక లోహపు దిమ్మ చొప్పున తయారుచేసి, కాగితాన్ని రంగు రంగుకూ మళ్లీ మిషనులోకి ఎక్కించేవారు. ఒక దిమ్మ నూలువాసి జరిగినా రాణిగారి పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగేది. మామూలు మనిషి దీనిని అచ్చుదోషం అంటాడు, సేకర్త మాత్రం ఇందులోనే ప్రాణం ఉందని, తరవాత వచ్చిన ఆఫ్‌సెట్ అచ్చు తప్పుల్లేక చచ్చిపోయిందని వాదిస్తాడు. బ్యాంకులో ఉన్నన్నాళ్లూ తప్పులను క్షమించని మనిషి ఇలా మాట్లాడటం కుటుంబసభ్యులను ఆశ్చర్యపరుస్తుంది.

చందమామ స్వర్ణయుగం ఎప్పుడన్న ప్రశ్న మీద ఇద్దరు సేకర్తలకు ఏకాభిప్రాయం కుదరదు. 1948లో పుట్టినవాడు అది 1950ల చివర ముగిసిందంటాడు, 1960లో పుట్టినవాడు 1970ల ఆరంభం దాకా సాగిందంటాడు, ఇంకొకడు కుటుంబరావు మరణంతో దానికి తెర పడిందని సాక్ష్యాలు చూపుతాడు. పరిశీలిస్తే, ఎవరికి పదేళ్లు ఉన్న కాలం వారికి స్వర్ణయుగం, ఎవరికి మీసాలు వచ్చిన ఏడు వారికి క్షీణయుగారంభం అని స్పష్టమవుతుంది. పత్రిక 2007లో ముంబయి సంస్థ చేతికి మారి ఆ తరవాత కొద్ది సంవత్సరాలకే ఆగిపోయిందన్న వార్త వీరిని తాకనేలేదు, ఎందుకంటే ప్రతివారి లెక్కలోనూ అది అంతకు ఎంతో ముందే ఆగిపోయింది.

ఇంట్లో ఈ మనిషి పరిస్థితి వేరు. “ఏమండీ, ఆ పెట్టెలు దించితే ఆవకాయ జాడీలకు చోటొస్తుంది” అన్న ప్రతిపాదన ప్రతి వేసవిలో ముందుకు వచ్చి, ప్రతి వేసవిలో వీగిపోతుంది. సెలవులకు వచ్చిన మనవడి సంగతి ఇంకా సున్నితమైనది. “తాతయ్యా, ఇదొక్కటి చదువుకుని ఇచ్చేస్తా” అని పిల్లవాడు అడిగితే, తన బాల్యంలో పక్కింటివారు చూపిన పాటి ఔదార్యం కూడా చూపలేక, “అది చదవడానికి కాదు నాన్నా, చూడటానికి” అని చెప్పి, అదే సంచికను సెల్‌ఫోనులో తెరిచి ఇస్తాడు. స్కాను ప్రతులను, అంటే యంత్రంతో పేజీలకు ఫోటో తీసి దాచిన నకళ్లను, సేకర్త తెలిసినవారి ముందు ఈసడించుకుంటాడు గాని అతని కంప్యూటరులో అవి వరసగా సంవత్సరాలవారీ ఉంటాయి. అమెరికాలో స్థిరపడిన తెలుగు సేకర్త ఇంతకంటె నిస్సహాయుడు; ఊళ్లో ఉన్న తల్లి చేత అటక ఎక్కించలేక, ఎక్కిన పాలేరు ఫోన్లో చూపించే చీకటి మూటల్లో చందమామ ఏదో, పాత పంచాంగం ఏదో పోల్చుకోలేక అర్ధరాత్రి దాకా కూర్చుంటాడు.

సోదర శాఖల గురించి క్లుప్తంగా చెబితే చాలు. 1964 నుంచి 1990 దాకా టైమ్స్ ఆఫ్ ఇండియా వారు ప్రచురించిన ఇంద్రజాల్ కామిక్సును రైల్వే స్టేషన్లలో కొనుక్కున్నవారిది ఒక శాఖ. లీ ఫాక్ సృష్టించిన ఫాంటమ్ నివసించే బెంగాలా దేశం పేరు మన బెంగాల్‌ను తలపిస్తుందని ఇక్కడ డెంకాలిగా మార్చారన్న విషయాన్ని వీరు ఏ సంభాషణలోనైనా అయిదు నిమిషాలలోపు తీసుకురాగలరు. సినిమా పోస్టర్లవారిది రెండోది. బాపు 'సాక్షి'తో పోస్టర్ల రంగంలోకి వచ్చిన ఈశ్వర్, అలాగే గంగాధర్ వీరికి ఇష్టదైవాలు. పోస్టరు పుట్టిందే మైదా జిగురుతో గోడకు అంటుకోవడానికి, వానకు చిరగడానికి, గేదెల నోట పడటానికి గనుక ఇప్పుడు దొరికేదల్లా గోడ ముఖం చూడని పోస్టరే. ఏ వీధిలోనూ ఎవరూ చూడని కాగితాన్ని జనం గుండెల్లో నిలిచిన పోస్టరని వీరు లామినేషను చేయించి చూపుతారు.

ఇంత చెప్పాక న్యాయం కోసం ఒక మాట చెప్పక తప్పదు. గ్రంథాలయాలు సైతం బైండు చేసేటప్పుడు అట్టలు తీసేసే అలవాటున్నవే గనుక, పేరు లేని కథ ఎవరిదో, సంతకం చెరిగిన బొమ్మ ఎవరిదో, ఏ ముఖచిత్రం ఏ నెలదో తేల్చవలసి వచ్చినప్పుడు పరిశోధకుడు తిరిగి తిరిగి చేరేది ఈ చాదస్తుడి ట్రంకుపెట్టె దగ్గరికే. అతను దానిని తెరవడానికి ముందు చేతులు కడుక్కోమంటాడు, తెరిచాక మూడు గంటలు మాట్లాడతాడు, సంచిక మాత్రం బయటకు ఇవ్వడు. అయినా అడిగిన బొమ్మ అతని దగ్గర ఉంటుంది. కాబట్టి అటక మీద పాత పత్రికలున్న గృహస్థులు వాటిని తూకానికి వేసే ముందు ఇటువంటి మనిషికి కబురు పెట్టాలి; దాచుకోదలచి బైండు చేయించేవారు అట్టలు చింపవద్దనీ, అంచులు కోయవద్దనీ బైండరుకు డబ్బు ఇవ్వకముందే చెప్పి, పని అయ్యేదాకా అక్కడే నిలబడాలి.