చేబదులు గుర్రం: టీకా తాత్పర్య సహితం

మూలం: "అన్నా, రేసులు మానేసిన గుర్రం ఒకటుంది. మంచి జాతిది, చాలా నెమ్మది. కాస్త బక్కగా ఉంది, అంతే. తిండి పెడితే సరిపోతుంది. ఓ మూడు నెలలు మీ ఫారంలో ఉంచుకోండి, పిల్లలు ఎక్కుతారు. తర్వాత చూద్దాం."

అవతారిక: మలక్‌పేట రేసుల్లో గుర్రం పరుగెత్తించిన ఒక ఆసామి, మొయినాబాద్ దగ్గర నాలుగెకరాలూ గుర్రాల మీద మోజూ ఉన్న మరో ఆసామికి పొద్దున్నే పంపిన వాట్సాప్ సందేశమిది. మొదటాయన దాత, రెండో ఆయన గ్రహీత. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మన మెదకు సీమ వ్యాఖ్యాత మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. అందులో మొదటి సగానికి మేమూ కట్టుబడతాం.

టీక: "రేసులు మానేసిన" - గుర్రం తనంతట తాను ఏదీ మానదు. కాలి నరం దెబ్బతిన్నదో, పరుగులో ఊపిరితిత్తుల నుంచి నెత్తురు పడిందో, ఏ రోగమూ లేకుండా వెనకబడిందో, మానిపించారు. రెండో ఏటే రేసుకెక్కిన జీవం ఐదారేళ్లకు రిటైరవుతుంది. పాతికేళ్లు బతుకుతుంది. ఆ మిగిలిన ఇరవై ఏళ్లూ ఎవరు మేపాలన్నదే అసలు ప్రశ్న. మూలకారుడు దాన్ని విశేషణం వెనక దాచాడు.

"మంచి జాతిది" - నిజమే. ప్రపంచంలోని థరోబ్రెడ్‌లన్నీ మగవైపున ముగ్గురు మూలపురుషులకే చేరతాయి: బయర్లీ టర్క్, డార్లీ అరేబియన్, గొడాల్ఫిన్ అరేబియన్. త్రయార్షేయ ప్రవరాన్వితం అన్నమాట. 1791 నుంచి ఇంగ్లండులో వంశావళి గ్రంథం అచ్చవుతోంది. అయితే ప్రవర చెప్పుకుంటే పక్కటెముకలు కప్పబడవు.

"కాస్త బక్కగా" - ఇక్కడ 'కాస్త' అనేదానికి కొలత ఉంది. 1983లో అమెరికాలో హెన్నెకి అనే ఆయన గుర్రం ఒంటికి 1 నుంచి 9 దాకా మార్కులు వేసే పద్ధతి పెట్టాడు. మెడ, మూపు, భుజం వెనక, పక్కటెముకలు, నడుము, తోక మొదలు, ఈ ఆరుచోట్ల చేత్తో తడిమి చూడాలి. 1 అంటే ఎముకల గూడు, 9 అంటే కొవ్వు ముద్ద. 5 దగ్గర పక్కటెముకలు కంటికి కనబడవు, చేతికి తెలుస్తాయి. మన గుర్రాన్ని చూసుకునే సైసు దానికి వేసిన మార్కు 2. టేపు కూడా పెట్టారు: ఛాతీ చుట్టుకొలత 175 సెంటీమీటర్లు, పొడవు 160. చుట్టుకొలత వర్గాన్ని పొడవుతో గుణించి 11,880తో భాగిస్తే ఉజ్జాయింపుగా 412 కిలోలు. ఆ ఎత్తు గుర్రం 470 దాకా తూగాలి. అంటే దాతగారి 'కాస్త' అర క్వింటాలు పైమాట.

పూర్వపక్షం: భారతంలో ఋతుపర్ణ మహారాజు ఒక్క పగటిలో విదర్భ చేరాలన్నప్పుడు బాహుకుడి వేషంలో ఉన్న నలుడు ఏరి ఏరి బక్క గుర్రాలనే పట్టలేదా? ఇవేం గుర్రాలయ్యా అని రాజు విసుక్కున్నా, సుడులు చూసి ఇవే చేరుస్తాయని చెప్పి చేర్చలేదా?

సమాధానం: చేర్చాడు. అయితే అక్కడ సారథి నలుడు. పైగా గుర్రాల యజమాని రథంలోనే కూర్చున్నాడు. ఏం జరిగినా ఇద్దరికీ జరుగుతుంది. మన దాత జూబ్లీహిల్స్‌లో కూర్చున్నాడు.

"తిండి పెడితే సరిపోతుంది" - గ్రంథమంతటికీ ఇదే మహావాక్యం, ఇదే అబద్ధం కూడా. తిండి లేక చిక్కిన గుర్రం వేరు, ఉన్న తిండి ఒంటబట్టక చిక్కినది వేరు. గుర్రం పొట్టలో ఆమ్లం మేసినా మేయకపోయినా ఊరుతూనే ఉంటుంది. రోజంతా గడ్డి కొరుకుతూ ఉండాల్సిన ప్రాణిని కొట్టంలో కట్టి, గింజ ఎక్కువా గడ్డి తక్కువా పెట్టి పరుగెత్తిస్తే కడుపులో పుండ్లు పడతాయి. రేసు శిక్షణలో ఉన్న గుర్రాల్లో ఎక్కువ వాటికి ఈ బాధ ఉంటుంది. దీనికి మందు ఒమెప్రజోల్. మన ఇళ్లలో పెద్దవాళ్లు పరగడుపున వేసుకునే గ్యాస్ మాత్రే, గుర్రానికి మోతాదు గుర్రమంత.

తర్వాత పళ్లు. తొట్టి కింద నమిలి ఉమ్మిన గడ్డి ఉండలు తడితడిగా పడి ఉంటే దాని మీద రుచి లేదని గ్రహీత అనుకున్నాడు. డాక్టరు నోరు తెరిపించి చూస్తే దవడ పళ్ల అంచులు కత్తుల్లా పెరిగి బుగ్గల్ని కోస్తున్నాయి. ఆకురాయితో రాశారు. ఆ తర్వాత పేడ పరీక్ష, నులిపురుగుల మందు. ఇన్ని అయ్యాకే మేత మాట.

మేతలోనూ తొందర పనికిరాదు. చుట్టుపక్కల వాళ్లందరూ ఉడికించిన ఉలవలు బకెట్టు నిండా పెట్టమంటారు. ఒక్కసారిగా గింజ దట్టిస్తే గుర్రానికి కడుపుశూల వస్తుంది, గిట్టల్లో వాపు రావచ్చు. వాంతి చేసుకునే యోగం దానికి లేదు. ఎండు మేత రోజుకి బరువులో కనీసం 2 శాతం, అంటే 8 కిలోలకు తగ్గకుండా ఎప్పుడూ ముందుండాలి. కొంత లూసర్న్ గడ్డి కలిపితే అందులోని సున్నం ఆమ్లాన్ని అణుస్తుంది. వరిగడ్డి పొట్ట నింపుతుంది గాని ఒంటబట్టదు. గింజ రెండు వారాలపాటు గుప్పెడు గుప్పెడుగా పెంచుకుంటూ పోవాలి.

"చాలా నెమ్మది" - ఈ పదాన్ని క్రమం తప్పించి ఇప్పుడు వ్యాఖ్యానించడానికి కారణముంది. మెల్లగా పక్కటెముకలు మాయమయ్యాయి, వాటితోపాటు నెమ్మదీ మాయమైంది. అది స్వభావం కాదు, నీరసం. ఆకలితో ఉన్నవాడి మౌనాన్ని వినయమనుకోవడం మన దేశంలో గుర్రాల విషయానికే పరిమితం కాదు, ఆ చర్చ ఇక్కడ వద్దు.

"పిల్లలు ఎక్కుతారు" - ఎక్కుతారు. రేసు గుర్రం నడుస్తుండగానే జాకీని కాలు పట్టి పైకి ఎగరేస్తారు. కాబట్టి పిల్లాడు స్టూలు మీద నిలబడి రికాబులో కాలు పెట్టగానే ఈ గుర్రం తన పని మొదలైందని కదులుతుంది. భయపడి కళ్లెం బిగబట్టి లాగితే ఆ పట్టు మీద వాలి ఇంకా ఉరుకుతుంది, దానికి నేర్పిందే అది. ఎక్కడం గురించి చెప్పిన మూలకారుడు దిగడం గురించి చెప్పలేదు.

"ఓ మూడు నెలలు" - ఎముకల గూడుకు కండ పట్టడానికి కావలసిన కాలం కనీసం ఇంత. దాత జ్యోతిష జ్ఞానం ఇక్కడ గమనించాలి. నాడాలు కొట్టే నాల్‌బంద్ కూలి ఎవరిది, డాక్టరు ఫీజు ఎవరిది, గుర్రం పడితే ఎవరు, పిల్లాడు పడితే ఎవరు అన్నచోట మూలం మౌనం వహించింది. మన పల్లెల్లో దూడనో మేకనో సగపాలుకు పెంపకానికిస్తే పెరిగిన దాంట్లో పెంచినవాడికి వాటా ఉంటుంది. ఈ చేబదులులో 58 కిలోలు పెరిగాయి. అవి ఎవరివి? గుర్రం దాతది కనుక దాతవే అని ఒక పక్షం. మాంసంగా మారింది తన లూసర్నే కనుక తనవే అని గ్రహీత పక్షం. ఋతుపర్ణుడు పాచికల విద్య నలుడికిచ్చి, బదులుగా రావలసిన గుర్రాల విద్య అశ్వహృదయాన్ని ప్రస్తుతానికి నీ దగ్గరే నిక్షేపంగా ఉండనీ అన్నాడు. మన దాతకు అంత ఓపిక లేదు.

"తర్వాత చూద్దాం" - ఈ వాక్యానికి దాతే స్వయంగా టీక రాశాడు, మూడో నెల చివర: "అన్నా, గుర్రం మస్తు తేరుకుందట కదా! ఆదివారం వ్యాను పంపిస్తున్నా." దాని కింద గ్రంథపాతం ఉంది, మెసేజ్ పంపి తుడిచేసిన గుర్తు మాత్రం మిగిలింది. కొనేవాడు దొరికాడని రాసి ఉంటాడని ఒకరు, మిగిలిన లూసర్న్ మూటలు కూడా వేసి పంపమని రాసి ఉంటాడని ఇంకొకరు. మేము మొదటి పాఠాన్నే అంగీకరిస్తాం.

గ్రహీత ప్రత్యుత్తరం: "సరే అన్నా. మొన్ననే కొత్త నాడాలు వేయించాను, జారుతుంది. వ్యానులో కింద వరిగడ్డి మందంగా పరచమనండి. గింజ ఒక్కసారిగా మార్చొద్దు, పెట్టే లెక్క కాగితం సైసు చేతికిస్తున్నా."

దాత బొటనవేలి బొమ్మ పంపాడు.