పదిహేడో హోలు: టీకా తాత్పర్య సహితం

మూలం

17. రోడ్. 495. 4.

అవతారిక

స్కాట్లండ్‌లోని సెయింట్ ఆండ్రూస్ ఓల్డ్ కోర్సు మీద గోల్ఫ్ ఓపెన్ ఛాంపియన్‌షిప్ జరిగినప్పుడు ఆటగాడి జేబులో ఉండే కార్డులోది ఈ సూత్రం. క్రియ లేదు, విభక్తి లేదు, కర్త ఊసే లేదు. ఇంత పొదుపుగా రాసిన మూలం దొరికితే వ్యాఖ్యాతలకు పండగ. మన మెదక్ వైపు కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి, మూలంలో లేనిది ఒక్క ముక్క కూడా రాయనని ఒట్టు పెట్టుకుని మరీ కాళిదాసుకు వ్యాఖ్య చేశాడు. ఈ వ్యాఖ్యాతకు ఆ నిష్ఠ కుదిరేట్టు లేదు. ఈ మూలంలో ఉన్నదానికంటే దాచిందే ఎక్కువ. గోడ లేదు, గొయ్యి లేదు, హోటలు లేదు. అన్నీ మనమే తెచ్చి వేసుకోవాలి.

ప్రతిపదార్థం

17 = పద్దెనిమిదింటిలో చివరిదానికి ముందుది. ఈ కోర్సులో 1764 దాకా ఒక ఆటకు ఇరవై రెండు హోల్స్ లెక్క. ఆ ఏడు పద్దెనిమిదికి కుదించారు. కుదించేవాళ్లు ఇంకొక్కటి కుదించి ఉండాల్సిందని ఇక్కడ ఆడినవాళ్లలో అనుకోనివాడు అరుదు.

రోడ్ = గ్రీన్‌ను వెనక నుంచి ఒరుసుకుంటూ పోయే దారి. (గ్రీన్ అనగా గుంతా జెండా ఉండే నున్నటి పచ్చిక.) దారి అంటే వెళ్లనిచ్చేదని లోకంలో వాడుక. ఇక్కడ మాత్రం ఆపేసేది అని చెప్పుకోవాలి. విరోధాభాసాలంకారం. బంతి రోడ్డు మీద పడితే తీసి పచ్చిక మీద పెట్టుకోనివ్వరు, ఆ గట్టి నేల మీంచే కొట్టాలి. రోడ్డుకు అవతల రాతిగోడ. 1984లో టామ్ వాట్సన్ ఓపెన్ గెలిచే దశలో ఉండి కొట్టిన బంతి గ్రీన్ దాటి, రోడ్డు దాటి, ఆ గోడ పక్కన ఆగింది. కర్ర వెనక్కి ఎత్తడానికి చోటు లేదు. ట్రోఫీ సెవె బయెస్టెరోస్ పట్టుకుపోయాడు. 2010లో మిగెల్ ఏంజెల్ హిమెనెజ్‌కు అదే గోడ అడ్డొచ్చింది. ఆయన జెండాకు వీపు పెట్టి, గోడనే గురిచూసి కొట్టాడు. బంతి గోడకు తగిలి, వెనక్కి ఎగిరి, గ్రీన్ మీద పడింది. మూలానికి పెడర్థం తీసి సరైన చోటికి చేరిన వ్యాఖ్యాతలు మన దగ్గరా ఉన్నారు.

495 = గజాలు. పాఠాంతరం: 455. 2010 ఓపెన్‌కు ముందు ఆ పాత పాఠమే చెల్లింది. కుర్రకారు బంతిని మరీ దూరం బాదేస్తున్నారని టీని నలభై గజాలు వెనక్కి జరిపారు. (టీ అనగా మొదటి దెబ్బ కొట్టే చోటు. తాగేది కాదు. దాని అవసరం రెండో దెబ్బ తర్వాత వస్తుంది.)

4 = పార్, అనగా నేర్చినవాడు ఇన్ని దెబ్బల్లో ముగించాలని పెద్దలు పెట్టిన లెక్క. పారము అంటే అవతలి గట్టు కాబట్టి పార్ అందులోంచే పుట్టిందని రాద్దామని చేతులు ఉవ్విళ్లూరుతున్నాయి గానీ భాషాశాస్త్రం ఒప్పుకోదు. ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆ గట్టు చేరినవాళ్లు తక్కువ. 1984లో గెలిచిన ఆ బయెస్టెరోస్‌కే మొదటి మూడు రోజులూ ఇక్కడ ఐదు. నాలుగోరోజు గానీ నాలుగు రాలేదు. కాబట్టి ఈ '4'కు వాచ్యార్థం పనికిరాదు, వ్యంగ్యార్థమే శరణ్యం.

పార్ కంటే ఒకటి ఎక్కువైతే బోగీ. తెలుగువాడి చెవికి బోగీ అంటే రైలుపెట్టె. విచిత్రమేమంటే ఈ హోలుకు కుడిపక్కన ఒకప్పుడు నిజంగానే రైలుపట్టాలూ షెడ్లూ ఉండేవి. 1969లో ఆ లైను మూసేశారు. రైలు పోయింది, బోగీలు మిగిలాయి. శ్లేష దానంతటదే కుదిరింది, ఇందులో వ్యాఖ్యాత ప్రతిభ ఏమీ లేదు.

అన్వయం

టీ మీద నిలబడితే ఎదురుగా బంతి పడాల్సిన ఫెయిర్‌వే కనిపించదు, షెడ్డు కనిపిస్తుంది. పాతకాలపు రైల్వే షెడ్ల పోలికలోనే కట్టి, గోడ మీద పక్కనున్న హోటలు పేరు పెద్ద పెద్ద అక్షరాలతో రాశారు. ఎటు కొట్టాలని అడిగితే కర్రలు మోసే కాడీ చెప్పేది ఫలానా అక్షరం మీదుగా అని. గాలి మారితే అక్షరం మారుతుంది. అక్షరం అంటే నాశనం లేనిదని మన శాస్త్రం. బంతి విషయంలో ఆ హామీ లేదు. గురి కుడికి తప్పితే హోటలు ఆవరణే, అంటే ఆట సరిహద్దు బయట, ఒక దెబ్బ జరిమానా. ఇక్కడ కొంత గ్రంథపాతం, బంతి దొరకలేదు.

ఇక మూలం దాచిపెట్టిన అసలు పదం. దాన్ని అధ్యాహారం చేసుకోవాలి: బంకర్. గ్రీన్ ముందుభాగాన్ని ఎడమవైపు నుంచి ఎవరో కొరికినట్టు ఉంటుంది. చిన్న గుంత. చెరువులు ఎరిగినవాళ్లు మాత్రం గుంత కొలత చూసి మోసపోరు. ఎంత నేల మీది నీరు అందులోకి దిగుతుందన్నది కదా లెక్క! చుట్టుపక్కల నేలంతా ఆ గుంతవైపే వాలి ఉంటుంది. పక్కన పడ్డ బంతి, హమ్మయ్య తప్పించుకున్నాం అనుకునేంతలో నెమ్మదిగా, మర్యాదగా దొర్లుకుంటూ వెళ్లి అందులో కూర్చుంటుంది.

లోపలికి దిగి చూస్తే ముందుగోడ నిటారు. పచ్చిక పలకలు కోసి ఒకదానిమీద ఒకటి పేర్చి కట్టింది, తాళపత్ర గ్రంథాన్ని పక్కనుంచి చూసినట్టు ఉంటుంది. బంతి దాన్ని ఆనుకుని పడిందా, ముందుకు కొట్టిన దెబ్బ గోడకు తగిలి మళ్లీ కాళ్ల దగ్గరికే వస్తుంది. ఇసుక గట్టిదో మెత్తదో ముందుగా కర్రతో తాకి చూడకూడదు, నియమం.

లక్ష్యం: 1978 ఓపెన్, మూడోరోజు. జపాన్ ఆటగాడు టామీ నకజిమా రెండు దెబ్బల్లో గ్రీన్ మీదికి వచ్చేశాడు. గండం గడిచిందనే ఎవరైనా అనుకుంటారు. మూడో దెబ్బ పట్టర్‌తో, మెల్లగానే తోశాడు. బంతి గ్రీన్ వాలు మీద పక్కకు తిరిగి బంకర్‌లో పడింది. బయటికి రావడానికి నాలుగు దెబ్బలు. మళ్లీ రెండు. మొత్తం తొమ్మిది. 2000లో డేవిడ్ డువాల్‌కూ అదే బంకర్‌లో నాలుగు దెబ్బలే పట్టాయి. సూత్రంలోని '4' దీని గురించేమోనని ఒక పక్షం. 2019లో ఒక ప్రాయశ్చిత్త విధి చేర్చారు: రెండు దెబ్బల జరిమానా కట్టి బంతిని బంకర్ బయట వదులుకోవచ్చు. నకజిమాకు నలభై ఏళ్లు ఆలస్యం.

శంక: గ్రీన్ ముందు కుడివైపు ఖాళీగానే ఉంది కదా, అక్కడ ఆగి నింపాదిగా మూడో దెబ్బ ఆడవచ్చు కదా?

సమాధానం: ఆడవచ్చు. అప్పుడు ఐదు.

శంక: ఇంతటి దుర్మార్గం ఎవడి రచన?

సమాధానం: ఇక్కడే అసలు చిక్కు. ఓల్డ్ కోర్సు అపౌరుషేయం. సముద్రపు గాలి ఇసుకను పోగేసింది, చలికి గొర్రెలు ఒదిగి పడుకున్న చోట్లు గుంతలయ్యాయి, మిగిలింది కుందేళ్లు తవ్వాయి అని అక్కడి ఐతిహ్యం. ఓల్డ్ టామ్ మోరిస్ వంటివాళ్లు గ్రీన్లు దిద్దారు, నిజమే. వాళ్లు పరిష్కర్తలు, గ్రంథకర్తలు కారు. పైగా పూర్వం ఈ కోర్సును ఇప్పటి దిక్కుకు ఎదురుగా ఆడేవాళ్లు. అటునుంచి వచ్చేవాడికి కళ్లెదుట కనిపించే గుంతలు కొన్ని ఇటునుంచి వచ్చేవాడికి గుట్టల చాటున ఉంటాయి. అనులోమంగా రాసిన పద్యాన్ని విలోమంగా చదివిస్తే తప్పు చదివేవాడిదా? ఇది చాలదన్నట్టు ఏడు గ్రీన్లు రెండేసి హోల్స్‌కు ఉమ్మడి. ఒకే పద్యంలో రామకథా భారతకథా నడిపిన పింగళి సూరన చూస్తే మురిసిపోయేవాడు. పదిహేడోది మాత్రం ఒంటిది. తన పాపం ఎవరితోనూ పంచుకోదు.

మన వీధుల్లో గోలీలాడే పిల్లలు మడమ నేలకు నొక్కి గిర్రున తిరిగి గుంత చేసుకుంటారు. గుంత వంకరైతే తిట్టాల్సిన కాలు ఎదురుగానే ఉంటుంది. అమెరికాలోనూ ఆ సౌకర్యం ఉంది. ఫ్లోరిడాలోని సాగ్రాస్ కోర్సులో, అదీ పదిహేడో హోలే, గ్రీన్ నీళ్ల మధ్య ఉంటుంది. కర్త పీట్ డై. మిగతా కోర్సుకు ఇసుక కావాలని అక్కడ తవ్వుతూ పోతే గొయ్యి మిగిలింది, దాన్ని నీళ్లతో నింపమన్నది ఆయన భార్య ఆలిస్. 1982లో అక్కడ మొదటి ప్లేయర్స్ ఛాంపియన్‌షిప్ గెలిచిన జెర్రీ పేట్ ఆ సంతోషంలో పీట్ డైని పట్టుకుని చెరువులోకి తోసేశాడు. గెలిచినవాడే అంత పని చేస్తే ఓడినవాళ్లు మనసులో ఏమేం చేశారో ఊహ్యం. సెయింట్ ఆండ్రూస్‌లో తొయ్యడానికి ఎవరున్నారు? గాలినా, గొర్రెనా?

తాత్పర్యం

నాలుగు వందల తొంభై అయిదు గజాల దూరంలో ఒక హోలు ఉన్నది. దాన్ని నాలుగు దెబ్బల్లో ముగించవలెనని రాసి ఉన్నది. రాసినవాడెవడో తెలియదు అని భావము.

విశేషం

ఆదివారం ఓల్డ్ కోర్సుకు అనధ్యయనం, మామూలుగా ఆట ఉండదు. ఊళ్లోవాళ్లు కుక్కల్ని వెంటేసుకుని అదే పచ్చిక మీద షికారు చేస్తారు. వాటిలో ఏదైనా గొలుసు తెంచుకుని పదిహేడో హోలు బంకర్‌లోకి దిగితే, కాసేపు ఇసుక వాసన చూసి వెనకవైపు నుంచి ఒక్క గంతులో బయటికి వచ్చేస్తుంది. ఒకటి.