సులువుగా కోర్టు మెట్లెక్కడం ఎలా? సొంతంగా గేమ్ చేసేవారికి తొమ్మిది చిట్కాలు

గేమ్ తయారుచేయడం కష్టం. చిన్న బగ్ ఒకటి పోవడానికే రాత్రిళ్లు తెల్లారిపోతాయి. తయారైన గేమ్‌ను పోగొట్టుకోవడం మాత్రం తేలిక. దానికి కోడింగ్ కూడా రానక్కర్లేదు, కాస్త నిర్లక్ష్యం ఉంటే చాలు. అమీర్‌పేటలో ఏ కోర్సుకైనా బోర్డు కనిపిస్తుంది గానీ ఈ విద్యకు ఇంకా ఇన్‌స్టిట్యూట్ రాలేదు. ఆ లోటు తీర్చాలన్న సదుద్దేశంతో ఈ చిట్కాలు. యాప్‌లు చేసేవారు కూడా నిస్సంకోచంగా వాడుకోవచ్చు.

1. స్నేహితుల మధ్యకు కాగితం రానివ్వకండి

కోడ్ మీది, డిజైన్ మీ ఫ్రెండుది. కూకట్‌పల్లి రూములో ఓ రాత్రి మ్యాగీ తింటూ ‘మామా, సగం సగం’ అనుకున్నారు. ఇక రాతకోతలెందుకు? కాగితం మాటెత్తితే వాడు నొచ్చుకుంటాడు. మీరు రాసుకోకపోయినా ఫర్వాలేదు, 1932 భాగస్వామ్య చట్టం మీ తరఫున ముందే రాసిపెట్టింది. కలిసి వ్యాపారం చేసి లాభం పంచుకుందామని నోటితో అనుకున్నా భాగస్వామ్యమే. వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానం. మీరు రెండేళ్లు నిద్ర మానుకున్నా, వాడు పండక్కో పబ్బానికో ఫైలు తెరిచినా సమానమే. వ్యాపారం కోసం వాడు చేసిన అప్పుకు మీ సొంత ఆస్తి కూడా పూచీ. ఎల్‌ఎల్‌పీయో ప్రైవేట్ లిమిటెడో పెట్టుకుంటే మామూలుగా పెట్టుబడి పోవడంతోనే నష్టం ఆగిపోతుంది కాబట్టి వాటి జోలికి వెళ్లకండి. ఎవరి వాటా ఎంత, మధ్యలో మానేస్తే ఆ వాటా ఏమవుతుంది, కోడ్ ఎవరి పేరున ఉంటుంది అన్న మూడు ప్రశ్నలూ గేమ్ హిట్టయ్యాకే తీయండి. అప్పటికి ఆ మ్యాగీ రాత్రి ఏమనుకున్నారో ఇద్దరికీ రెండు రకాలుగా గుర్తుంటుంది.

2. ఆఫీసు ల్యాప్‌టాప్ ఉండగా సొంతది దండగ

పగలు హైటెక్ సిటీలో ఉద్యోగం, రాత్రి సొంత గేమ్. చేరిన రోజున గబగబా సంతకాలు పెట్టిన కాగితాల కట్టను ఇప్పుడు విప్పకండి. ‘ఉద్యోగ కాలంలో మీరు సృష్టించిన ప్రతిదీ కంపెనీదే’, ‘రాతపూర్వక అనుమతి లేకుండా బయటి పని చేయరాదు’ లాంటి వాక్యాలు కనబడి నిద్ర చెడుతుంది. ఉద్యోగంలో భాగంగా చేసిన పనికి తొలి హక్కుదారు యజమాని అని కాపీరైట్ చట్టమే అంటోంది. మీ గేమ్ ఉద్యోగంలో భాగం కాదని వాదించుకునే సందు ఒకటి మిగిలి ఉంటుంది. ఆ సందు కూడా మూసేయాలంటే ఆఫీసు ల్యాప్‌టాప్ మీద, ఆఫీసు వేళల్లో, ఆఫీసు కొన్న సాఫ్ట్‌వేర్‌తోనే పని చేయండి. ఫైళ్లను ఆఫీసు మెయిల్ నుంచే పంపుకోండి. తేదీలు, టైములతో సహా సాక్ష్యం వాళ్ల సర్వర్‌లోనే భద్రంగా ఉంటుంది.

3. డబ్బిచ్చాక హక్కు మనదే, రాయించుకోవడమెందుకు?

విజయవాడ కుర్రాడొకడు మీ గేమ్‌కు చక్కటి ట్యూన్ చేసిచ్చాడు. ఫోన్‌పేలో 8,000 కొట్టారు. ‘థాంక్యూ అన్నా’ అంటూ దణ్ణం బొమ్మ పెట్టాడు. ఆ స్క్రీన్‌షాటే దస్తావేజనుకుని దాచుకోండి. 1957 కాపీరైట్ చట్టం మాత్రం, ఇలా బయటివారు కట్టిన బాణీకి గానీ, రాసిచ్చిన కోడ్‌కు గానీ తొలి హక్కుదారు ఆ చేసినవారే అంటుంది. ఆ హక్కు మీకు రావాలంటే వారి సంతకంతో రాతపూర్వకంగా బదిలీ కావాలని 19వ సెక్షన్ పట్టుబడుతుంది. మరీ తప్పకపోతే ‘హక్కులన్నీ మీకే ఇచ్చాను’ అని ఒక్క ముక్క రాయించుకోండి, అంతకు మించి వద్దు. ఎన్నేళ్లకో రాయకపోతే అయిదేళ్లకే ఇచ్చినట్టు, ఏ దేశాలకో రాయకపోతే భారతదేశం వరకే ఇచ్చినట్టు చట్టం లెక్కేసుకుంటుంది. అంటే ఆరో ఏట మీ గేమ్ మూగబోవచ్చు. అమెరికాలోనైతే మొదటి రోజే.

4. నెట్‌లో దొరికితే ఫ్రీయే

‘ముప్ఫై సెకన్ల లోపు పాట వాడితే కేసు కాదట’ అని అందరూ అంటుంటారు, గట్టిగా నమ్మండి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో మినహాయింపులు బోలెడున్నాయి గానీ సెకన్ల లెక్క ఎక్కడా లేదు. 63వ సెక్షన్‌లో మాత్రం లెక్క స్పష్టంగా ఉంది: తెలిసి ఉల్లంఘిస్తే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50,000 నుంచి 2 లక్షల దాకా జరిమానా. లాభాపేక్ష లేకపోతే కోర్టు తగ్గించవచ్చు కానీ మీరు యాడ్స్ పెట్టారాయె.

‘క్రెడిట్స్‌లో పేరు వేశాంగా’ అనే జవాబును కూడా సిద్ధంగా ఉంచుకోండి. క్రియేటివ్ కామన్స్ బొమ్మ మీద వ్యాపారానికి వాడరాదన్న గుర్తుంటే పట్టించుకోకండి. ఫాంట్లకు కూడా లైసెన్సు ఉంటుందని ఎవరైనా చెబితే నవ్వేయండి. ఓపెన్ సోర్స్ కోడ్‌దీ ఇదే దారి. ఎంఐటీ లైసెన్సు కోరేది ఒక్కటే, కాపీరైట్ నోటీసును అలాగే ఉంచమని. ముందు దాన్నే చెరిపేయండి. జీపీఎల్ కోడ్ కలిపిన గేమ్‌ను జనానికి పంచితే మీ సోర్సు కోడ్ కూడా అదే లైసెన్సు కింద ఇవ్వాల్సి వస్తుంది. 2011 జనవరిలో వీఎల్‌సీ ప్లేయర్‌ను యాపిల్ తన యాప్ స్టోర్ నుంచి తీసేసింది ఈ జీపీఎల్ షరతులకూ స్టోర్ షరతులకూ పొసగకనే. ఫిర్యాదు చేసింది కూడా బయటివాడు కాదు, వీఎల్‌సీకి కోడ్ రాసినవారిలో ఒకడు.

5. హిట్టయిన గేమ్‌ను మక్కీకి మక్కీ దించేయండి

ఆట నియమాలకు కాపీరైట్ ఉండదు. ఇది నిజమే. ఈ సగం నిజం దగ్గరే ఆగిపోండి. అమెరికాలో ఒక చిన్న కంపెనీ అలాగే ఆగింది. నియమాలకు రక్షణ లేదని ముందే తెలుసుకుని మరీ, టెట్రిస్‌ను చూసి ఐఫోన్‌కు ‘మినో’ అనే గేమ్ చేసింది. పైనుంచి ముక్కలు పడటం, వరుస నిండితే మాయమవడం ఎవరైనా వాడుకోగల ఆలోచనే. కానీ నిలువు 20, అడ్డం 10 గళ్ల బోర్డు, ముక్కల రూపురేఖలు, ముక్క ఎక్కడ వాలుతుందో చూపే నీడ, ఇవన్నీ దించేస్తే అది ఆలోచనను తీసుకోవడం కాదు, టెట్రిస్ వాళ్లు ఆ ఆలోచనకిచ్చిన రూపాన్ని ఎత్తుకుపోవడమని 2012లో న్యూజెర్సీ ఫెడరల్ కోర్టు తేల్చింది. కాబట్టి మీరు కూడా రంగులు మార్చే శ్రమ పెట్టుకోకండి.

6. హీరో బొమ్మకు అభిమానమే అనుమతి

మన ఊళ్లో గేమ్ ఆడాలంటే హీరో ఉండాల్సిందే. మీసం, నడక, గొంతు, డైలాగు, తొడగొట్టుడు అన్నీ పెట్టేయండి. అడిగితే ‘వీరాభిమానిని సార్’ అనండి. అనుమతి లేకుండా తమ పేరు, రూపం, గొంతు వ్యాపారానికి వాడకూడదంటూ 2025లో చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి, నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి ఉత్తర్వులు తెచ్చుకున్నారు. ఆ డైలాగూ ఆ పాత్రా సినిమావాళ్లవి కనుక నోటీసు వాళ్ల నుంచి కూడా రావచ్చు. ఒకే బొమ్మకు రెండు నోటీసులు!

7. పేరు పెట్టేముందు వెతకకండి

ట్రేడ్‌మార్క్ రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వెతకడానికి రూపాయి ఖర్చు లేదు. ఉచితంగా వచ్చేదానికి విలువేముంటుంది? కంపెనీ పేరు రిజిస్టరైంది, డొమైన్ కొన్నాం, ప్లే స్టోర్‌లో పెట్టాం కాబట్టి పేరు మనదే అనుకోండి. ఈ మూడింటిలో ఏదీ ట్రేడ్‌మార్క్ కాదు. వ్యక్తులకు, స్టార్టప్‌లకు ఆన్‌లైన్‌లో దరఖాస్తు రుసుము ఒక్కో తరగతికి 4,500 రూపాయలు. సాఫ్ట్‌వేర్ 9వ తరగతి, వినోద సేవలు 41వ తరగతి. రిజిస్ట్రేషన్ వస్తే పదేళ్లు చెల్లుతుంది. ఆ డబ్బుతో పోస్టర్లు వేయించుకోవచ్చు. మైన్‌క్రాఫ్ట్ చేసిన మోజాంగ్ అంతటిది తన కొత్త గేమ్‌కు ‘స్క్రోల్స్’ అని పేరు పెడితే ‘ది ఎల్డర్ స్క్రోల్స్’ గేమ్ వాళ్లు 2011లో వివాదానికి దిగారు. 2012లో రాజీ కుదిరేసరికి మోజాంగ్‌కు ఆ గేమ్ పేరు మిగిలింది, ట్రేడ్‌మార్క్ మిగల్లేదు.

8. ప్రైవసీ పాలసీ పక్కవాడిది కాపీ కొట్టండి

కాపీ కొట్టాక చదవకండి. ‘మా కార్యాలయం కాలిఫోర్నియాలో ఉంది’, ‘మీ లొకేషన్ మేము సేకరించం’ అని అలాగే ఉండనివ్వండి. గేమ్‌లో పెట్టిన యాడ్ ప్యాకేజీ ఈలోగా లొకేషన్‌ను ఎటు పంపాలో అటు పంపుతూ ఉంటుంది. ఫోన్‌ను టార్చిలైటుగా మార్చే ఒక యాప్ వినియోగదారుల లొకేషన్‌ను చెప్పకుండా యాడ్ సంస్థలకు చేరవేస్తోందని 2013లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పట్టుకుంది. అది చేసింది కూడా చిన్న డెవలపరే.

పిల్లలు ఆడే గేమయితే మరీ మంచిది. అమెరికా చట్టం 13 ఏళ్ల లోపువారిని పిల్లలంటే, మన 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండని వారందరినీ పిల్లలే అంటుంది. తల్లిదండ్రుల నుంచి నిర్ధారించదగిన అనుమతి తీసుకోవాలి, పిల్లల కదలికలను గమనిస్తూ వాటిని బట్టి యాడ్స్ చూపకూడదు. మీరితే జరిమానా 200 కోట్ల దాకా వెళ్లొచ్చు. ఫోర్ట్‌నైట్ చేసిన ఎపిక్ గేమ్స్ 2022లో ఒక్క పిల్లల డేటా వ్యవహారంలోనే 27.5 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. వాళ్ల దగ్గర అంత డబ్బుంది. మీ దగ్గర ఎంతుందో చూసుకుని ముందుకెళ్లండి.

9. ‘మాది స్కిల్ గేమ్’ అని బోర్డు పెట్టండి

యాడ్స్‌తో ఏం మిగులుతుంది? ఎంట్రీకి 50 రూపాయలు, గెలిచినవాడికి 500 అని పెట్టేయండి. నైపుణ్యానికి జూదం చట్టం వర్తించదనే వాదన ఒకప్పుడు ఉండేది. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ డబ్బు పందేలపై ఆ తలుపు మూశాయి. 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టం నైపుణ్యమా, అదృష్టమా అని అడగనే అడగదు. డబ్బు కట్టి, డబ్బు గెలుస్తామన్న ఆశతో ఆడేదైతే నడిపినవారికి మూడేళ్ల దాకా జైలు, కోటి రూపాయల దాకా జరిమానా. ప్రకటనలు చేసినవారికి రెండేళ్లు, 50 లక్షలు. అంటే మీ గేమ్‌కు రీల్ చేసిపెట్టిన ఇన్‌స్టా మిత్రుడికి కూడా వాటా ఉంటుంది.

ఈ తొమ్మిదింటిలో మూడు పాటించినా చాలు, ఫలితం గ్యారంటీ. అంత అదృష్టం వద్దనుకునేవారు ప్రతి చిట్కానూ తిరగేసి పాటించండి: భాగస్వామితో వాటాల పత్రం, ఉద్యోగ ఒప్పందం ఒకసారి చదవడం, బయటివారి నుంచి కాలం, దేశాలతో సహా హక్కుల బదిలీ, ప్రతి ఫైలుకూ లైసెన్సు జాబితా, పేరుకు ట్రేడ్‌మార్క్ వెతుకులాట, మీ గేమ్ నిజంగా సేకరించే డేటా గురించే రాసిన ప్రైవసీ పాలసీ. విడుదలకు ముందు ఈ కాగితాలతో లాయరు దగ్గరకు వెళ్తే మీరు ప్రశ్నలు అడుగుతారు. విడుదలయ్యాక వెళ్తే ఆయన అడుగుతాడు, మొదటి ప్రశ్న ‘ఏమైనా రాసుకున్నారా?’ అనే.